వైశాఖంలో పడవ

షకీలా ఫోన్ చేసేసరికి నేను మోకాలికి వేడినీళ్ళ కాపడం పెట్టుకుంటున్నాను. "మీరొకసారి బందరు రావాలండీ," అంది. "టీచరుగారికి జ్వరం లేదండీ. నొప్పులు కూడా తగ్గాయి. పెట్టింది తింటున్నారు. కానీ ఏమన్నా సరే అంటున్నారండీ. నాకు భయంగా ఉంది." టీచరుగారంటే మా నాన్నగారి చెల్లెలు, సుభద్రత్తయ్య. షకీలా చిన్నప్పుడు ఆవిడ దగ్గర చదువుకుంది. ఇప్పుడు తనకే మనవలున్నారు. అత్తయ్య ఇంట్లోనే కింది వాటాలో కుటుంబంతో ఉంటూ, రక్తసంబంధం ఉన్న మాకంటే ఎక్కువగా ఆవిణ్ణి చూసుకుంటోంది. ముసలామె చెప్పిన మాట వింటోందని ఎవరైనా కంగారు పడతారా అని మీకు అనిపించవచ్చు. మా అత్తయ్యను ఎరిగినవాళ్ళు పడతారు. కూరలవాడి తూకంతో, డాక్టరు రాసిన మందులతో, టీవీలో వార్తలు చదివే అమ్మాయి ఉచ్చారణతో ఆవిడ పేచీ పెట్టుకోని రోజు ఉండేది కాదు. ఏం మాట్లాడినా ముందు "కాదు" అని మొదలుపెట్టడం ఆవిడ అలవాటు. ఎండగా ఉంది కదా అత్తయ్యా అంటే, కాదు, ఉక్కగా ఉంది అనేది. అలాంటి మనిషి స్నానాలగదిలో జారిపడి, కొన్నాళ్ళు మంచంలో ఉండి లేచాక, అన్నింటికీ సరే అనడం మొదలుపెట్టిందట. పప్పులో ఉప్పు మరిచిపోతే సరే. కిటికీ మూస్తే సరే, తెరిస్తే సరే.

అదే వారంలో బందరులో ఒక సభకు రమ్మని పిలుపు ఉంది. మన భాషలో బాగా పేరున్న ఒక పాత నవలకు కొత్త ముద్రణ వేశారు, దాన్ని గురించి నాలుగు మాటలు చెప్పాలన్నారు. ఆ నవల పేరు ఇక్కడ రాయను. రాస్తే దాని అభిమానులు నా మీదికి వస్తారు, వాళ్ళతో వాదించే ఓపిక ఇప్పుడు నాకు లేదు. మొదట రాలేనన్నాను. షకీలా ఫోను తర్వాత వస్తానన్నాను. సాహిత్యం మీద ప్రేమ ఏమీ పొంగలేదు, వాళ్ళు కారు పంపుతామన్నారు, అంతే. ఈ వయసులో బస్సు మెట్లు ఎక్కడం ఒక ఎత్తు, దిగడం ఇంకో ఎత్తు.

ఉయ్యూరు దాటాక రోడ్డు పక్కన కాలవ కనిపించింది. ఎండిపోయి ఉంది. అడుగున నెర్రెలిచ్చిన బురద, వాడిపోయిన గుర్రపుడెక్క, అక్కడక్కడ నీళ్ళసీసాలు, ఎవరో పడేసిన దిండు. "కాలవ ఎప్పుడు కట్టేశారు బాబూ?" అని డ్రైవరుని అడిగాను. అతను ఆ వైపు చూసి, "తెలీదండీ మేడమ్. నేనెప్పుడూ గమనించలేదు," అన్నాడు. పామర్రు వాడే. అతన్ని అని లాభం లేదు. వాళ్ళింటికి నీళ్ళు టిన్నుల్లో వస్తాయి, బియ్యం సంచుల్లో వస్తాయి. కాలవలో నీళ్ళుంటే ఎంత, లేకపోతే ఎంత.

మా ప్రాంతం కానివాళ్ళ కోసం ఒక సంగతి చెప్పాలి. ఏటా ఎండాకాలంలో బెజవాడ దగ్గర కాలవలు కట్టేస్తారు. పూడిక తీయడానికి, లాకులు బాగుచేయడానికి. మళ్ళీ మృగశిర కార్తెకు అటూ ఇటూగా వదులుతారు. కాలవల మీద పడవలు తిరిగిన కాలంలో కూడా ఇంతే. వైశాఖంలో రేవు మెట్ల కింద నీళ్ళు ఉండేవి కావు. పడవలను గట్టు మీద బోర్లించి తారు పూసేవాళ్ళు. ఆ తారు వాసన, ఎండిన నాచు వాసన కలిసి మధ్యాహ్నానికి ఇళ్ళలోకి వచ్చేవి.

ఇక ఆ నవలలో అందరూ కంఠతా పట్టిన ఘట్టం ఏమిటంటే, అత్తవారింట్లో పడలేక, వైశాఖమాసపు మిట్టమధ్యాహ్నం కథానాయిక మూట చంకన పెట్టుకుని మన కాలవ రేవుకే వస్తుంది. నీళ్ళు గలగలమంటుంటాయి. అటుగా పోతున్న పడవ ఆగుతుంది. సరంగు మారు మాట్లాడకుండా బల్ల వేస్తాడు. ఆమె ఎక్కుతుంది. సభలో ఒక పెద్దమనిషి ఆ పేజీ చదివి కళ్ళు తుడుచుకున్నారు. హాలంతా చప్పట్లు. కృష్ణా డెల్టాలో పుట్టి పెరిగినవాళ్ళే అందరూ. ఆ నీళ్ళెక్కడివని ఒక్కరూ అడగలేదు. ఒకప్పుడైతే నేను లేచేదాన్ని. ఈ విషయం మీద లేచి, కొన్ని సభల్లో కొందరికి చెడ్డదాన్ని కూడా అయ్యాను. ఆ రోజు లేవలేదు. నడుము పట్టేసింది, గొంతులో తడి లేదు. పోనీలే, సరే అనుకున్నాను. అనుకున్నాక షకీలా మాట గుర్తొచ్చి మనసు చివుక్కుమంది.

ఆ తప్పు మా ఊళ్ళో ఎవరైనా పట్టగలిగిందే. కానీ దాన్ని పట్టుకుని వదలని మనిషి మా నాయనమ్మ. మా ఊరు గుడివాడకూ పామర్రుకూ మధ్య, కాలవ ఒడ్డున. ఎండాకాలం వస్తుందంటే ముందు ఊరి మంచినీళ్ళ చెరువు నింపుకునేవాళ్ళు. కాలవ కట్టేశాక మళ్ళీ నీళ్ళొచ్చేవరకూ తాగడానికి ఆ చెరువే. రోజులు గడిచేకొద్దీ నీళ్ళు పచ్చబడేవి, వాసన వేసేవి. నాయనమ్మ రోజూ పొద్దున్నే చిల్లగింజ అరగదీసి బిందెలో కలిపి, మట్టి అడుక్కి దిగేదాకా ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు. బిందె పక్కన పీట వేసుకుని కాపలా కూర్చునేది. తాతయ్య అరుగు మీద చుట్ట కాలుస్తూ, లేని నీళ్ళ కేసి చూస్తూ ఉండేవాడు. సాయంత్రం లాకుల దాకా నడిచి వెళ్ళి, ఖాళీ కాలవను చూసి, ఏదో లెక్క తేల్చుకున్నవాడిలా తిరిగి వచ్చేవాడు. ఆ వేళకి మా అమ్మ ఇంట్లో పొయ్యి రాజేసేది. అడుగంటిన మడుగుల్లో పట్టిన మట్టగిడసలు ఎవరో ఒకరు తెచ్చి ఇచ్చేవాళ్ళు, పులుసు ఉడికే వాసన వీధి చివరికి వచ్చేది. ఎండాకాలం పేదది అంటారు గాని, మా ఇంట్లో ఎండాకాలపు చేపల పులుసు లాంటిది మళ్ళీ నేను తినలేదు.

మధ్యాహ్నాలు చింతపండు. బుట్టలకొద్దీ కొత్త చింతపండు నడవలో పోసి, ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని పిక్కలు తీసేవాళ్ళు. నాయనమ్మ, అమ్మ, పక్కింటి కోటమ్మ పిన్ని. గచ్చు చల్లగా ఉంటుందని నేను బోర్లా పడుకునేదాన్ని. చెంపకు గచ్చు, ముక్కుకు పులుపు వాసన. సుభద్రత్తయ్య స్తంభానికి ఆనుకుని ఆ నవల పైకి చదివేది. ఆవిడ చేతికి చింతపండు అంటకుండా నాయనమ్మే ఏర్పాటు చేసింది. చదివే పిల్ల చదవాలి, ఒలిచేవాళ్ళు ఒలవాలి.

అత్తయ్య ఆ వేసవికి పుట్టింట్లో ఉంది. ఆవిణ్ణి ఇచ్చిన ఊరు దివిసీమలో, నది దాటి, అవనిగడ్డకు ఇంకా దిగువన. ఒంట్లో నలతగా ఉందని వచ్చింది. ఏం నలతో ఎవరికీ తెలియదు. అడిగితే ఏం లేదనేది. తినవే అంటే సరే, పడుకోవే అంటే సరే. నాకు తెలిసిన ఆ "కాదు" అత్తయ్య అప్పటికి ఇంకా పుట్టలేదు. ఒక్కసారి మాత్రం, బందరు వెళ్ళి టీచరు ట్రైనింగు చదువుతానని తాతయ్య ముందు నోరు తెరిచింది. తాతయ్య చుట్ట నోట్లోంచి తీసి, "నువ్వు ఆ ఇంటి కోడలివమ్మా. చదువైనా సంధ్యైనా వాళ్ళనడిగి చెయ్యాలి," అన్నాడు. అత్తయ్య సరే అంది. ఈ ఎండల్లో ప్రయాణం వద్దు, కాలవ వదలగానే దుక్కులు మొదలవుతాయి, తీరిక ఉండదు, కాబట్టి నీళ్ళు వచ్చిన మర్నాడే పిల్లను దివిలో దింపి వస్తానని తాతయ్య చెప్పేశాడు. నాయనమ్మ కూడా, "అత్తారిల్లన్నాక సర్దుకుపోవాలమ్మా," అంది. అందరికీ నీళ్ళు ఎప్పుడొస్తాయా అని ఎదురుచూపు. అత్తయ్యకు ఎందుకొస్తాయా అని దిగులు. అది నాకు అప్పుడు తెలియదు.

పడవ ఘట్టం వచ్చిన రోజు బాగా గుర్తు. అత్తయ్య గొంతు కాస్త వణికింది. కోటమ్మ పిన్ని కొంగుతో ముక్కు తుడుచుకుంది. సరంగు బల్ల వేస్తుండగా నాయనమ్మ చెయ్యెత్తింది.

"ఆగవే. ఏ నెలన్నావు?"

"వైశాఖం."

"వైశాఖంలో పడవేందే?"

అత్తయ్య పుస్తకం లోంచి తల ఎత్తింది. "అట్టాగే రాశాడమ్మా."

"రాస్తే? కాలవలో నీళ్ళు లేకండా పడవెట్టా వచ్చుద్ది? ఈడ్చుకొచ్చాడా?"

"పోనీలెండి అత్తయ్యా, కథే కదా," అంది మా అమ్మ.

"కథైతే మాత్రం? మడిసి మంచిదో చెడ్డదో నాకు తెలవదు గాని, నీళ్ళు నీళ్ళే గదా."

కోటమ్మ పిన్నికి ఆ పిల్ల ఎలాగైనా పడవ ఎక్కాలని ఉంది. "వేరే కాలవలో ఉన్నయ్యేమో వదినా," అంది.

"ఏ కాలవలో? బెజవాడలో కట్టేస్తే సముద్రం దాకా ఎండాల్సిందే. ఆ రాసినాయన ఎప్పుడన్నా ఈ ఊళ్ళల్లో ఎండాకాలం ఉన్నాడా అంట?" అని, నాయనమ్మ చింతపండు చేతిని అత్తయ్య వైపు చాచి, "పాపం ఆడపిల్లని ఎండలో అట్టా ఎండిన రేవులో నిలబెడతావేంటే! వెనక్కి తీసుకురా. ఇంట్లో కూచోబెట్టు. మృగశిరకి నీళ్ళొచ్చినాక ఎక్కిద్దువుగాని," అంది.

అందరూ నవ్వారు. అత్తయ్య నవ్వలేదు. పుస్తకం కేసి చాలాసేపు చూసి, "సరే," అంది. పేజీ తిప్పింది. "రేవులో నీళ్ళు లేకపోవడం చూసి, ఆ పిల్ల మూట చంకన పెట్టుకుని వెనక్కి తిరిగింది," అని చదివింది. నాయనమ్మ తృప్తిగా మళ్ళీ పిక్కలు తీయడం మొదలుపెట్టింది.

అది మొదలు, కాలవ వచ్చేదాకా రోజూ మధ్యాహ్నం ఆ పిల్ల అత్తవారింట్లో ఉన్న రోజుల కథ విన్నాం. ఆ ఇంట్లో ఆమెను పేరుపెట్టి పిలిచేవాళ్ళు కాదు. పని ఉంటే అత్తగారు గ్లాసుతో గుమ్మం మీద కొట్టేది. మొగుడు మంచివాడూ కాదు, చెడ్డవాడూ కాదు, తల్లి ఎటు చూస్తే అటు చూసేవాడు. ఆ ఊరు సముద్రానికి దగ్గర. బావులన్నీ ఉప్పు. ఎండాకాలం మంచినీళ్ళ కోసం దూరంగా ఇసుకలో చెలమ తవ్వుకుని, కొబ్బరిచిప్పతో తోడి కుండ నింపుకోవాలి. ఊట ఎప్పుడు వస్తే అప్పుడే. ఆలస్యమైందంటే అత్తగారు ఏమీ అనేది కాదు. తెచ్చిన కుండ తీసుకుని వాకిట్లో కుమ్మరించి, ఖాళీ కుండ చేతికిచ్చి, గ్లాసుతో గుమ్మం మీద కొట్టేది. ఆ పిల్ల సరే అని మళ్ళీ వెళ్ళేది. అత్తయ్య ఇదంతా ఏ మాత్రం గొంతు వణకకుండా, పడవ ఘట్టం చదివినప్పటి కన్నా నెమ్మదిగా, మామూలుగా చదివేది. కోటమ్మ పిన్ని ఆ అత్తగారిని నోరారా తిట్టేది. నాకు ఆ గ్లాసు చప్పుడు చెవుల్లో ఉండిపోయింది. ఇప్పటికీ ఎవరైనా గ్లాసు బల్ల మీద గట్టిగా పెడితే ఉలిక్కిపడతాను.

ఒక ఆదివారం నాయనమ్మ అత్తయ్యకు తలంటు పోసింది. పెళ్ళయిన పిల్లకు తల్లి తలంటడం మా ఇంట్లో కొత్తేమీ కాదు. ఆ మధ్యాహ్నం కథ నడుస్తుండగా నాయనమ్మ తల ఎత్తకుండా అడిగింది. "ఏవే, అన్నిసార్లు కుండ మోసిందిగా. ఆ పిల్లకి నడుం మీద కాయ కాసిందా?"

అత్తయ్య పేజీ మీద వేలు ఆనించింది. తర్వాత, "కాసిందని రాశాడు," అంది.

"ఎడంవైపా?"

"ఎడంవైపే."

మా అమ్మ తల వంచుకుని చింతపండును అవసరమైన దానికంటే ఎక్కువగా పిసుకుతోంది. ఆ తర్వాత ఆ రోజు ఎవరూ ఎవర్నీ తిట్టలేదు. నాయనమ్మ లేచి వెళ్ళి బిందె దగ్గర పీట మీద కూర్చుంది. నీళ్ళు తేరుకుని చాలాసేపయినా అక్కడే కూర్చుంది.

నీళ్ళు ఒక మధ్యాహ్నం వచ్చాయి. ముందు కేక వినబడింది, తర్వాత ఊరంతా గట్టు మీద ఉంది. ఎండుటాకులు, నురగ, గడ్డిపరకలు, వాటి మీద కొట్టుకొస్తున్న చీమలు, ఆ వెనక ఎర్రటి నీళ్ళు. ఎండిన బురద మీదికి నీళ్ళు పాకుతుంటే ఒక వాసన వస్తుంది. దాన్ని నేను ఏ పుస్తకంలోనూ సరిగ్గా రాయలేకపోయాను. నాయనమ్మ మెట్లు దిగి పసుపూ కుంకుమా నీళ్ళలో వదిలి, చెంబుతో కాసిని నీళ్ళు ముంచుకుని ఇంటికొచ్చింది. నడవలో కూర్చుంది. చింతపండు ఎప్పుడో అయిపోయింది, చేతులు ఖాళీగా ఉన్నాయి. "ఇప్పుడెక్కించవే," అంది.

అత్తయ్య పుస్తకం తెచ్చి వెనక్కి తిప్పి, వైశాఖం అన్నచోట జ్యేష్ఠం అని, పడవ ఘట్టం అచ్చులో ఉన్నది ఉన్నట్టు చదివింది. నీళ్ళు గలగలమన్నాయి. సరంగు బల్ల వేశాడు. ఆ పిల్ల ఎక్కింది. నాయనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తాతయ్య లాకుల దగ్గర్నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుంటూ, "రేపు పొద్దున్నే బయల్దేరాలి. పిల్లని బట్టలు సర్దుకోమను," అన్నాడు.

"పిల్ల దివి పోదు," అంది నాయనమ్మ లోపల్నుంచి.

"ఎవరన్నారు?"

"నేనంటన్నా. బందరు పోద్ది. సదువుకుంటది."

తాతయ్య చెంబు కింద పెట్టాడు. మా ఇంట్లో అలాంటి మాట ఎప్పుడూ వినబడలేదు. అరుగు మీదికి వెళ్ళి చుట్ట వెలిగించుకున్నాడు. అది ఆరిపోయాక కూడా చాలాసేపు నోట్లోనే ఉంచుకున్నాడు. మర్నాడు పొద్దున్నే అత్తయ్యను వెంటబెట్టుకుని, పామర్రులో బస్సు ఎక్కించి, బందరు తీసుకెళ్ళాడు. అప్పటికే మా కాలవలో పడవలంటే పెంకూ గడ్డీ మోసేవే, మనుషులు ఎక్కడం మానేశారు. ఆ విషయానికి నాయనమ్మ చచ్చిపోయేదాకా బాధపడింది. "అంత కట్టపడి నీళ్ళొచ్చిందాకా ఆపితే, బస్సెక్కి పోయింది," అనేది.

గుడివాడ కాలేజీలో చదివేటప్పుడు లైబ్రరీలో ఆ నవల తీసుకున్నాను. వైశాఖంలోనే పడవ వస్తుంది, ఆ పిల్ల ఎక్కుతుంది, తర్వాతి అధ్యాయానికి వేరే ఊళ్ళో ఉంటుంది. గ్లాసు లేదు, చెలమ లేదు, కుమ్మరించిన కుండ లేదు. సెలవుల్లో అత్తయ్యను అడిగాను. అప్పటికి ఆవిడ బందరులో టీచరు, మాట ముందు "కాదు" వచ్చేసింది. "కాదు, పాత ముద్రణలో ఉండేవి. తర్వాత తీసేశారు," అంది, కళ్ళజోడులోంచి సూటిగా చూస్తూ. నేను నమ్మాను. పాత పుస్తకాల షాపుల్లో ఆ పాత ముద్రణ కోసం ఎన్నాళ్ళు వెతికానో! చివరికి ఒకరోజు చిక్కుడుకాయలు తుంచుతూ మా అమ్మ చెప్పింది. "పిచ్చిదానా, మీ అత్తయ్య అన్ని రోజులూ ఒక్కటే పేజీ పట్టుకు కూర్చుంది. నేను పక్కనే ఉన్నాగా, చూళ్ళేదా?" నాయనమ్మకు తెలుసా అని అడిగాను. "చదవడం రాదుగా ఆవిడకి. తలంటు పోయడం వచ్చుగా," అంది అమ్మ, తొడిమెలు ఒక పక్కకి తోస్తూ.

సభ ముగిశాక కారు నన్ను అత్తయ్య ఇంటి ముందు దింపింది. షకీలా చెయ్యి పట్టుకుని మెట్లెక్కించింది. అత్తయ్య మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. మనిషి సగమైంది. "బాగున్నావా అత్తయ్యా?" అన్నాను. బాగున్నానంది. "నేను చిక్కిపోయానా?" అన్నాను, పేచీ కోసమే. మొన్నటి దాకా అయితే, కాదు, ఒళ్ళొచ్చిందనేది. "చిక్కావు," అంది. షకీలా నా కేసి చూసింది. సభలో ఇచ్చిన కొత్త పుస్తకం సంచిలో ఉంది. ఎందుకు తెచ్చానో నాకు ముందే తెలుసు. ఎండ ఎక్కువగా ఉందని కిటికీ ఒక రెక్క మూసి, షకీలా గుమ్మం దగ్గర గోంగూర ఆకు దూస్తూ కూర్చుంది. నేను ఆ ఘట్టం తీసి చదవడం మొదలుపెట్టాను.

వైశాఖం అన్న మాట దగ్గర ఆగాను. అత్తయ్య ఫ్యాను కేసి చూస్తోంది. వినబడలేదేమోనని మళ్ళీ చదివాను. నీళ్ళ గలగల చదివాను. సరంగు బల్ల వేశాడు. "అత్తయ్యా, ఎక్కించనా మరి?" అన్నాను.

"సరే," అంది.

పుస్తకం మూసేశాను. ఇంత దూరం వచ్చి, ఇన్ని మెట్లెక్కి, నేను ఈ ఒక్క మాట కోసం వచ్చానా అనిపించింది. అందరూ సరే అంటున్నారు. హాలంతా సరే అంది, నేను సరే అన్నాను, ఇక్కడ ఈవిడ. పోట్లాడటానికి ఎవరూ మిగల్లేదు. పోట్లాడే సత్తువా ఒంట్లో మిగల్లేదు. కారు కింద ఎదురుచూస్తోంది, లేచి వెళ్ళిపోదామనుకున్నాను. లేవడానికి మోకాలు సహకరించలేదు. అలాగే కూర్చుని, ఏం తోచక, మళ్ళీ పుస్తకం తెరిచాను.

"రేవులో నీళ్ళు లేవు," అని చదివాను, అచ్చులో నీళ్ళు గలగలమంటున్న చోట వేలు పెట్టి. "పడవ గట్టు మీద బోర్లించి ఉంది. ఆ పిల్ల మూట చంకన పెట్టుకుని వెనక్కి తిరిగింది." అత్తయ్య కళ్ళు ఫ్యాను మీది నుంచి దిగాయి. నేను ఆగలేదు. "ఇంటికొచ్చేసరికి అత్తగారు గుమ్మంలో నిలబడి ఉంది. కుండలో నీళ్ళు వాకిట్లో కుమ్మరించింది. ఖాళీ కుండ చేతికిచ్చి, గ్లాసుతో గుమ్మం మీద కొట్టింది. ఆ పిల్ల సరే అని..."

"కాదు," అంది అత్తయ్య.

షకీలా చేతిలో గోంగూర కాడ ఆగిపోయింది.

"మరేమంది అత్తయ్యా?"

"ఏమీ అన్లేదు." గొంతు బొంగురుగా ఉంది. కాస్త దగ్గి, దుప్పటి సర్దుకుంది. "ఆ చివరి రోజు ఏమీ అన్లేదు. కుండ అక్కడే, ఆ గుమ్మం మీదే పగలగొట్టి వచ్చేసింది. నలతా లేదు, పాడూ లేదు. అది అప్పుడు చదవలేదు, అమ్మ బెంబేలు పడుద్దని." తర్వాత నా చేతిలో పుస్తకం కేసి చిరాగ్గా చూసింది. "అసలు నువ్వు చదివేదేం చదువే? మింగేస్తున్నావు. మళ్ళీ మొదట్నుంచి చదువు. సరిగ్గా చదువు."

నేను కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుని, పుస్తకం ఒళ్ళో సర్దుకుని, అందులో లేని చోటి నుంచి మొదలుపెట్టాను.